అనలాగ్‌కు ఆరు కార్డులు

మార్చి 3, మంగళవారం

ఫుల్‌స్టాప్‌గారు ఇవాళ నా బల్లమీద ఖాళీ కార్డుల కట్ట పెట్టి, పై కార్డుమీద పెన్సిలుతో 'అనలాగ్' అని రాసి వెళ్ళిపోయారు. ఒక్క మాట లేదు. మా ప్రధాన సంపాదకుడికి ఈ పేరు పెట్టింది నేనే, ఇరవై రెండేళ్ళ కిందట. ఆయన నోరు తెరిస్తే ఎదుటివాడి వాక్యం అక్కడికక్కడే ఆగిపోతుంది.

నిఘంటువు కొత్త కూర్పులో 'అ' అక్షరం నెలాఖరుకు ప్రెస్సుకు వెళ్ళాలి. మాటలన్నీ అయిపోయి ఇదొక్కటే మిగిలిందట. మిగలదా మరి! ముగ్గురు దీన్ని చూసి, ఎవరికివారు పక్కవాడి బల్లమీదికి తోసేశారు. నా బల్ల గోడవారన ఉంది. నాకు పక్కవాడు లేడు.

మా ఆఫీసులో ఒక్కో అర్థానికి ఒక్కో కార్డు. కార్డుమీద అర్థం, దాని కింద ఆ మాటను నిజంగా వాడే మనిషి నోటినుంచి విన్న వాక్యం, ఆ మనిషి వృత్తి, విన్న తేదీ. వాక్యం మన బుర్రలోంచి పుట్టకూడదు. ఫుల్‌స్టాప్‌గారికి ఇది మతం. నాకేమో వాక్యాలు కూర్చున్నచోటే పుడతాయి. ఇన్నేళ్ళలో ఎన్ని పుట్టించానో ఆయనకు తెలిస్తే ఈపాటికి ఇంట్లో కూర్చుని ఉండేవాణ్ణి.

అక్కకు మధ్యాహ్నం ఇన్సులిన్ పన్నెండు యూనిట్లు. చక్కెర 164. ఫరవాలేదు.

చిట్టి ఫోన్ చేసింది. మళ్ళీ అదే పాట. "మామయ్యా, పోయిన నెల అమ్మ బాత్రూంలో పడింది. చక్కెర దిగిపోయి ఇంకొక్కసారి పడిందంటే నేనింక ఎవరి మాటా వినను. వచ్చి తీసుకెళ్ళిపోతాను. నువ్వు నొచ్చుకున్నా సరే." అక్క పక్కనే కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతోంది. చెయ్యి ఆగలేదు. ఫోన్ పెట్టేశాక అంది: "కన్నకూతురే, కాదనను. కానీ దాని ఇంట్లో కిటికీ తెరిస్తే ఇంకోళ్ళ గోడ. అక్కడ కూర్చుని నేను ఎవరికి కుట్టాలిరా?"

ఈ ఇంటి ముందుగది ఆమె షాపు. గుండీలు, జిప్పులు, అంచులు. కళ్ళు మసకబారి ఏడాదిన్నర అయినా వేళ్ళతో తడుముకుని కుట్టేస్తుంది. సిరంజి మీది గీతలు మాత్రం కనపడవు. అందుకని మూడు పూటలా ఇంజెక్షన్ వేసేది నేను. వేశాక అరగంట ఆగి భోజనం. నేను ఒక్కపూట కూడా తప్పలేదు. ఈ సంగతి చిట్టికి ఎవరైనా చెబితే బాగుండు.

మార్చి 4, బుధవారం

మొదటి అర్థానికి కింది వాచీల ఆయన దగ్గరికి వెళ్ళాను. మా ఇంటి మెట్ల కిందే ఆయన కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకుని, తల ఎత్తకుండానే మాట్లాడతాడు.

"అనలాగ్ గడియారం అంటే ఏమిటండీ?"

"గడియారం."

"మరి డిజిటల్ గడియారం?"

"అది డిజిటల్ గడియారం."

"అయితే అనలాగ్ అనే మాట మీరెప్పుడు వాడతారు?"

"ఇలా ఎవరైనా చదువుకున్నాయన వచ్చి అడిగినప్పుడు."

తరవాత జాలిపడి ఒక వాక్యం ఇచ్చాడు. "అంకెల వాచీలు వచ్చేదాకా ముళ్ళ వాచీకి వేరే పేరు అక్కర్లేకపోయింది, అవొచ్చాక ఇది అనలాగ్ అయింది." రాసుకున్నాను. కొత్తవాడు వచ్చినందుకు పాతవాడికి పేరు మారితే, ఆ పేరుకు అర్థం వెతుక్కుంటూ నేను మెట్లు ఎక్కి దిగాలి.

మార్చి 5, గురువారం

తల ప్రాణం తోకకొచ్చింది.

రేడియో మెకానిక్ అంటాడూ: "అనలాగ్ అంటే కొళాయండీ. ఎంత తిప్పితే అంత వస్తుంది. డిజిటల్ అంటే స్విచ్చి. ఉంటే ఉంది, లేదంటే లేదు." వాల్యూం మీట అటూ ఇటూ తిప్పి చూపించాడు. రెండో కార్డు.

జీవశాస్త్రం టీచరమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ ఇంకోటి చెప్పింది. "పక్షి రెక్క, సీతాకోకచిలుక రెక్క. చేసే పని ఒకటే, పుట్టుక వేరు. ఇలాంటివాటిని అనలాగస్ అవయవాలంటాం. పిల్లలు పరీక్షలో ప్రతిసారీ తిరగేసి రాస్తారు." ఇక్కడ మాట 'అస్' అనే తోకతో సహా వచ్చింది. మూడో కార్డు.

గడియారం ముల్లు, కొళాయి, సీతాకోకచిలుక. వీటికి చుట్టరికం ఏమిటో చెప్పమంటే అందరూ నీళ్ళు నములుతారు. ఎవడి ముక్క వాడికి తెలుసు. మొత్తం ఎవడికీ తెలియదు.

అక్క 171.

మార్చి 6, శుక్రవారం

దొరికింది! భోజనం చేస్తుంటే తట్టింది. అన్నింటికీ మూలం పోలికే. ముల్లు కాలాన్ని పోలి కదులుతుంది. మీట కదిలినట్టే శబ్దం కదులుతుంది. రెక్క రెక్కను పోలి ఉంటుంది. వెంటనే నాలుగో కార్డు రాసేశాను: "పోలినది, ఒకదానికి బదులుగా వాడదగినది." ఎంత చక్కగా కుదిరింది!

వాక్యం కోసం మళ్ళీ ఊరంతా తిరగదలచుకోలేదు. 'పాత మందు దొరకనప్పుడు దాని అనలాగ్ వాడితే సరిపోతుంది.' కింద 'వైద్యుడు' అని రాసి, ఇవాళ్టి తేదీ వేశాను. ఏ వైద్యుడైనా ఎక్కడో ఒకచోట ఈపాటికి అనే ఉంటాడు.

మార్చి 7, శనివారం

అక్క పాత ఇన్సులిన్ ఎక్కడా దొరకడం లేదు. రెండు వారాలుగా కొరతట. డాక్టరమ్మ చీటీ మీద కొత్తది రాసిచ్చి, "ఇది అనలాగ్. యూనిట్లు అవే. వాడే పద్ధతి మందుల షాపులో వివరంగా చెబుతారు, అడగండి" అంది. చూశావా, నా కార్డు! నిన్న నేను రాస్తే ఇవాళ డాక్టరమ్మ అంటోంది.

మందుల షాపాయన సంగతి తెలిసిందే. ఏం కొన్నా ఉపన్యాసం ఇవ్వందే సంచీలో వెయ్యడు. వెనక జనం నిలబడి ఉన్నారు. ఏదో చెప్పబోయాడు. "అనలాగ్ అంటే నాకు తెలియదాండీ, వారంరోజులుగా ఆ మాటమీదే కూర్చున్నాను" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. నవ్వడం ఆయనకు రాదు.

అక్క అడిగింది. "కొత్తదా? వేళలేమైనా మారతాయా?"

"ఏం మారవు. దానికి బదులు ఇది. అంతే."

"నీకు తెలుసులే." మళ్ళీ గుండీలో పడిపోయింది.

సాయంత్రం చిట్టి వీడియో కాల్ చేస్తే నేను నొక్కకూడనిది నొక్కాను. "మామయ్యా, నువ్వు మరీ అనలాగ్!" అంది. పాతకాలపు మనిషి అనట. ఐదో కార్డు. వృత్తి: మేనకోడలు.

మార్చి 8, ఆదివారం

మధ్యాహ్నంనుంచి కొత్త మందు మొదలు. పన్నెండు యూనిట్లు. పావుగంటకే అక్కకు చేతులు వణికి చెమటలు పట్టాయి. ఒక చక్కెర పలుకు నోట్లో వేసుకుంది. ఎండ ఎక్కువగా ఉంది. ఫ్యాన్ పెంచాను. రాత్రి ఆకలంటే కాస్త ముందే తినేసింది, బాగానే ఉంది. అంటే తప్పు మందుది కాదు.

మార్చి 9, సోమవారం

అక్క ఆస్పత్రిలో ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి ఫ్రిజ్ శుభ్రం చేశాను. పనికిరానివి పారేశాను.

మార్చి 10, మంగళవారం

చక్కెర 38కి పడిపోయిందట. కుట్టు మెషిన్ పక్కనే ఒరిగిపోయింది. నుదుటికి మెషిన్ అంచు తగిలింది, నాలుగు కుట్లు. వాచీల ఆయన పైకొచ్చి పట్టుకోకపోతే నేనొక్కణ్ణే ఎత్తలేకపోయేవాణ్ణి. గ్లూకోజ్ ఎక్కించాక కళ్ళు తెరిచింది. నన్ను చూసి, "ఆ ఆకుపచ్చ జాకెట్టు ఐదింటికి ఇవ్వాలిరా" అంది.

ఆస్పత్రి డాక్టరు నన్ను నిలబెట్టి అడిగాడు. "ఈ మందు వేసిన వెంటనే తినాలని మీకెవరూ చెప్పలేదా?"

చెప్పలేదన్నాను.

ఎవరు చెప్పాలి? డాక్టరమ్మ చెప్పకుండా షాపు మీదికి తోసింది. ఈ దేశంలో ఎవరి పని వాళ్ళు చెయ్యరు. పాత మందు మెల్లగా పనిచేస్తుందట, అందుకే అరగంట. కొత్తది పది నిమిషాల్లోనే అందుకుంటుందట. ఇంత తేడా ఉన్నదానికి పేరేమో అనలాగ్! నేనేమో ఐదు నిమిషాలు ఫోన్‌లో ఉన్నాను. ఐదంటే ఐదు. ఆ ఐదు నిమిషాలకే ఇంత జరుగుతుందని ఎవరైనా అనుకుంటారా?

చిట్టి రేపు పొద్దున దిగుతుంది.

మార్చి 11, బుధవారం

చిట్టి ఆస్పత్రి వరండాలో బ్యాగు కూడా కింద పెట్టలేదు.

"మామయ్యా, ఎలా జరిగింది? నువ్వు పక్కనే ఉన్నావుగా?"

"పది నిమిషాలు ఫోన్‌లో ఉన్నానమ్మా. మందు మారింది. వెంటనే తినాలని షాపాయన చెప్పలేదు."

"చెప్పలేదా? అసలేమీ చెప్పలేదా?"

"ఒక్క ముక్క చెప్పలేదు."

అది పళ్ళు కొరికింది. కోపం నామీదనుంచి పక్కకు మళ్ళడం కళ్ళారా చూశాను. నా భుజం మీద చెయ్యి వేసి, "సారీ మామయ్యా, దారి పొడుగునా నిన్నే తిట్టుకుంటూ వచ్చాను" అంది. అమ్మను తీసుకెళ్ళే మాట ఎత్తలేదు.

తలుపు పక్క మంచంమీద అక్క కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకుంటాను.

మార్చి 12, గురువారం

చిట్టి ఊరుకునే మనిషి కాదు. వాళ్ళ నాన్న పోలిక. మందుల తనిఖీ ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చి వచ్చింది. బుధవారం విచారణ. తప్పు తేలితే షాపు మూతేనట. నేను సాక్షి సంతకం పెట్టాలి.

"అంతదూరం అవసరమా అమ్మా?" అన్నాను.

"రేపు ఇంకొకళ్ళ అమ్మ పడిపోతే?" అంది.

సాక్షి కాగితం అందుకున్నాను. ఇంట్లో సొరుగులో పెట్టాను. సంతకం తరవాత పెడతానన్నాను. కళ్ళజోడు ఆఫీసులో మరిచిపోయానని చెప్పాను. కళ్ళజోడు జేబులోనే ఉంది.

మార్చి 13, శుక్రవారం

షాపాయన ఆఫీసుకు వచ్చాడు. నా గోడవారన బల్లదాకా వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను చెప్పలేదన్నారట."

"అక్కడ చాలామంది ఉన్నారు కదండీ. మీరేదో అన్నారు, నాకు సరిగ్గా వినపడలేదేమో..."

"రెండుసార్లు చెప్పాను. మీరు వినడంలేదని పెట్టెమీద ఎర్ర పెన్నుతో రాశాను కూడా. ఆ పెట్టె తీసుకురండి, చాలు."

"పెట్టె ఎక్కడుందో ఏమోనండీ. ఆ గందరగోళంలో..."

"ముప్పై ఏళ్ళనుంచి కొట్టు నడుపుతున్నాను" అన్నాడు. వెళ్ళిపోయాడు. గదిలో మిగతావాళ్ళందరూ తలలు వంచి కార్డులు రాసేసుకుంటున్నారు, ఎప్పుడూ లేనంత శ్రద్ధగా.

ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదో తెలియదు.

మార్చి 14, శనివారం

అక్క ఇంటికొచ్చింది. నుదుటిమీద పట్టీ. ఇంజెక్షన్లు ప్రస్తుతానికి చిట్టి వేస్తోంది. గురువారం దాని రైలు.

మార్చి 15, ఆదివారం

చిట్టి స్నానానికి వెళ్ళినప్పుడు అక్క పిలిచింది.

"ఒరేయ్, ఆ రోజు మందు పెట్టె మీద ఎర్రగా ఏదో ఉంది. ఏమని రాసుందిరా?"

"నీకెలా తెలుసు?"

"నాకు అక్షరాలు కనపడవు గానీ రంగులు కనపడతాయి. దారం రంగు చూసే కదా కుడుతున్నాను. ఏముంది దానిమీద?"

"తేదీ" అన్నాను.

"తేదీయా?"

"ఆఁ. ఎప్పటిలోగా వాడాలో."

అక్క ఇంకేమీ అడగలేదు. చిట్టి బయటికొచ్చాక కూడా ఆ మాట ఎత్తలేదు. ఆమె నోరు మెదపకపోవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత సాయంత్రందాకా ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

ఆమెకు ఇక్కడే ఉండాలని ఉంది. నాకూ ఆమె ఇక్కడే ఉండాలని ఉంది. ఇద్దరికీ కావలసింది ఒకటే అయినప్పుడు ఇందులో తప్పేముంది? షాపాయనకు ఇంకో షాపు దొరుకుతుంది. చదువుకున్నవాడే.

ఛీ. ఈ వాక్యం కొట్టెయ్యాలి. కొట్టెయ్యను. ఉండనీ.

మార్చి 16, సోమవారం

ఫుల్‌స్టాప్‌గారు నా ఐదు కార్డులు పట్టుకుని వచ్చారు. నాలుగోది విడిగా పైకి తీశారు.

"పాత మందు దొరకనప్పుడు దాని అనలాగ్ వాడితే సరిపోతుంది. ఏ వైద్యుడండీ?"

"ఒక వైద్యుడండీ."

"ఆ రోజు ఫోన్‌లో ఇదే అడిగాను. నలభై నిమిషాలు వాదించారు గానీ వైద్యుడి పేరు చెప్పలేదు. ఇంతలో మీ ఇంట్లో ఏదో పడ్డ చప్పుడైంది. ఆ విషయం ఇంక ఎత్తకూడదని ఊరుకున్నాను. కానీ 'అ' ఆగిపోయింది."

నలభై నిమిషాలు. ఆయన అన్నారు కాబట్టి రాస్తున్నాను. నలభై.

ఆ రోజు పన్నెండున్నరకు అక్కకు ఇంజెక్షన్ వేశాను. వెంటనే ఈయన ఫోన్. కుట్టు మెషిన్ మోతలో వినపడక వసారాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. 'బదులుగా' అన్న ముక్క ఉండాలా వద్దా అని వాదిస్తున్నాను. ఆయన తీసెయ్యమంటారు, నేను వీల్లేదంటాను. మధ్యలో మెషిన్ ఆగింది. హమ్మయ్య, ఇప్పుడు సరిగ్గా వినపడుతోంది అనుకున్నాను. మెషిన్ ఆగినందుకు సంతోషించాను. అక్క ఒకసారి పిలిచింది కూడా. "ఒరేయ్, ఒకసారి ఇలా రా" అని. "ఉండక్కా, ముఖ్యమైన ఫోన్" అన్నాను. తరవాత ఆ చప్పుడు.

ఫుల్‌స్టాప్‌గారు నాలుగో కార్డును రెండుగా చింపి బల్లమీద పెట్టారు. "మందుల వాళ్ళ అర్థానికి నిజమైన కార్డు కావాలి. మనిషి, మాట, తేదీ. రేపటికి." మామూలుగా అయితే ఇక్కడితో వెళ్ళిపోయేవారు. ఇవాళ వెళ్ళలేదు. "మీ అక్కగారు ఎలా ఉన్నారు?" అని అడిగారు.

బాగానే ఉందన్నాను.

మార్చి 17, మంగళవారం

పొద్దున్న నాలుగు కార్డులు పాడుచేశాను. బుర్రలోంచి ఒక్క వాక్యం పుట్టలేదు. నాకే! పుట్టినవాటన్నిటి కిందా 'వైద్యుడు' అని రాయాల్సివస్తోంది.

విన్న వాక్యం నా దగ్గర ఒకటి ఉంది. మొదటినుంచీ ఉంది. రాశాను. ఆరో కార్డు:

'ఇది అనలాగండీ, పాతదానిలాగా ఆగకూడదు, సూది వేసిన వెంటనే కంచం ముందు కూర్చోబెట్టాలి, మరిచిపోతే ప్రమాదం.' మందుల షాపు యజమాని. మార్చి 7.

ఎర్ర పెన్నుతో పెట్టెమీద రాసింది కూడా దాదాపు ఇదే. ఆ పెట్టెను తొమ్మిదో తారీకు సాయంత్రం ఫ్రిజ్‌లోంచి తీసి, ముక్కలు చేసి, మా వీధిలో కాదు, పక్కవీధి చెత్తకుండీలో వేసి వచ్చాను. ఫ్రిజ్ శుభ్రం చేశానని రాసుకున్నాను. నాకోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా!

కార్డు ఆఫీసులో ఇవ్వలేదు. జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. చిట్టి కాగితం అడిగింది. రేపే విచారణ. కాగితానికి బదులు కార్డు ఇచ్చాను. చదివింది.

"మంచిదే, ఇప్పటికైనా చెప్పాడన్నమాట. కానీ ఏడో తారీకు అని వేశావేం మామయ్యా?"

"ఏడునే చెప్పాడు."

"ఏడునా? ఏడంటే..."

"కొన్న రోజే. రెండుసార్లు చెప్పాడు. పెట్టెమీద రాసిచ్చాడు. నేను వినిపించుకోలేదు. పెట్టె నేనే పారేశాను. నీకు చెప్పిందంతా అబద్ధం."

చిట్టి కుర్చీలో కూలబడింది. "అమ్మకు తెలుసా?" అంది.

నేను నోరు తెరిచేలోగా ముందుగదిలోంచి అక్క గొంతు వినపడింది. "తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా? ఆయన కొట్టు మూయించబోయాను కదమ్మా నేను! ఇద్దరూ కలిసి నన్ను..." ఏడ్చింది. మేమిద్దరం చెరో గదిలో దొంగల్లా కూర్చున్నాం.

మార్చి 18, బుధవారం

చిట్టి ఒక్కతే వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. అక్కడినుంచి షాపుకు వెళ్ళి క్షమించమని అడిగిందట. నేనూ వస్తానంటే, "నువ్వు విడిగా వెళ్ళు, నా వెనక దాక్కోవద్దు" అంది.

విడిగా వెళ్ళాను. ఈసారి కూడా వెనక జనం ఉన్నారు. అందరి ముందే చెప్పాను: మీరు చెప్పారు, నేను అబద్ధమాడాను. ఆయన ఎవరికో దగ్గుమందు సంచీలో వేస్తూ, చెంచా కొలత రెండుసార్లు చెప్పి, అప్పుడు నావైపు తిరిగాడు. "మీ అక్కగారికి ఇప్పుడెంత ఉంది?" అన్నాడు.

"152."

"సరే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆరో కార్డు ఫుల్‌స్టాప్‌గారికి ఇచ్చాను. తేదీ చూశారు, నన్ను చూశారు, తీసుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర చిట్టి అక్కను అడిగింది. "రేపు నాతో వస్తున్నావా, లేదా?"

"రాను."

"అమ్మా!"

"రానంటే రాను. అయితే ఒకటి." అక్క నావైపు తిరిగింది. నా మొహం ఆమెకు మసకగానే కనపడుతుంది, అయినా నేను కళ్ళు దించుకున్నాను. "వీడి చేత ఇంక ఇంజెక్షన్ వేయించుకోను. అబద్ధమాడాడని కాదు, అది నేనూ ఆడాను. పిలిస్తే రాలేదు. అందుకు."

గిన్నెలు ఎత్తి వంటింట్లో పెట్టాను.

మార్చి 19, గురువారం

చిట్టి వెళ్ళింది. స్టేషన్‌లో తన బ్యాగు నన్ను పట్టుకోనివ్వలేదు. రైలు కదిలేముందు మాత్రం, "నువ్వు కూడా వేళకు తిను" అంది.

ఇంజెక్షన్ల ఏర్పాటు అదే చేసి వెళ్ళింది. మూడు పూటలా షాపాయన వచ్చి ఇంజెక్షన్ వేస్తాడు. ఎవరు అడిగితే ఒప్పుకున్నాడో, ఎందుకు ఒప్పుకున్నాడో నాకు చెప్పలేదు. అడిగే మొహం నాకు లేదు.

మార్చి 20, శుక్రవారం

పొద్దున ఏడున్నరకు తలుపు కొట్టారు. తీసేది నేనే కదా. షాపాయన. చేతిలో చిన్న డబ్బా, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా. లోపలికొచ్చి చెప్పులు విడిచాడు. అక్క ముందుగదిలో చెయ్యి చాపి సిద్ధంగా కూర్చుంది. నేను పిలిచేలోపే ఆయన్ని, "రండి, రండి" అంది.

ఆయన డబ్బా తెరవలేదు. నావైపు చూశాడు.

"వడ్డించారా?"

"వడ్డించాను" అన్నాను. నిజంగానే వడ్డించాను. ఏడింటికే లేచి, వేడివేడిగా, మంచినీళ్ళతో సహా పెట్టాను.

ఆయన తల ఊపాడు. డబ్బా బల్లమీద పెట్టి, నా పక్కనుంచి వంటింట్లోకి వెళ్ళి, కంచం మీది మూత ఎత్తి చూసి, మళ్ళీ మూత పెట్టి వచ్చాడు. అప్పుడు సిరంజి తీశాడు.

నేను గుమ్మంలోంచి పక్కకు జరిగి దారి ఇచ్చాను. మధ్యాహ్నం కూడా చూశాడు. రాత్రి కూడా చూశాడు.